సర్పగంధ రహస్యాన్ని ఛేదించిన సలీముజ్జమా సిద్దీఖీ

మన దేశమున వైద్యులు తరతరాలుగా సర్పగంధ వేరును ఉన్మాదానికి, నిద్రలేమికి, పాముకాటుకు ఔషధంగా వాడుతూ వచ్చారు. ఆ వేరులోని శక్తి ఏ పదార్థానిది? ఈ ప్రశ్నకు రసాయనశాస్త్ర మార్గమున సమాధానం వెదకిన మహనీయుడు డాక్టర్ సలీముజ్జమా సిద్దీఖీ.

ఆయన 1897 అక్టోబరు 19న బారాబంకీ జిల్లా సుబేహాలో జన్మించారు. అలీగఢ్‌లో తత్త్వశాస్త్రం, పారశీకం అభ్యసించి, లండను మీదుగా జర్మనీ చేరి, 1927లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో రసాయనశాస్త్రమున డాక్టరేటు పొందారు. బొగ్గుతో చిత్రాలు గీయుటయందును ఆయన నేర్పరి.

స్వదేశానికి తిరిగి వచ్చిన ఆయనకు హకీం అజ్మల్ ఖాన్ ఆదరణ లభించింది. ఢిల్లీ తిబ్బియా కళాశాలలో యునానీ, ఆయుర్వేద మూలికల పరిశోధనను ఆయనకే అప్పగించారు. హకీం సాహెబ్ 1927 డిసెంబరులో పరమపదించినా ఆ సంకల్పం ఆగలేదు. 1931లో సిద్దీఖీ సర్పగంధ వేరునుండి ఒక ఆల్కలాయిడును వేరుచేసి, తన పోషకుని స్మృతిగా దానికి అజ్మలీన్ అని నామకరణం చేశారు. కృతజ్ఞతకు ఇంతకంటె అందమైన రూపం అరుదు.

ఆల్కలాయిడులు నత్రజని గల క్షారగుణ పదార్థాలు. అవి నీటిలో అంతగా కరగవు. ఆమ్లంతో కలిసి లవణాలుగా మారినప్పుడు కరుగుతాయి. ఈ గుణమే వాటిని వేరుచేయుటకు తోడ్పడుతుంది. అజ్మలీన్ గుండె లయను ప్రభావితం చేస్తుంది. నేడు దానిని కొన్ని దేశాలలో బ్రుగాడా వ్యాధి నిర్ధారణకు సూదిమందుగా ఇస్తారు. కాని అదే మందు ప్రమాదకరమైన లయభంగాన్ని కలిగింపవచ్చును గనుక ఆసుపత్రిలో, పర్యవేక్షణలోనే ఇస్తారు. అదే వేరునుండి 1952లో స్విట్జర్లాండులో వేరుచేసిన రిసర్పిన్ రక్తపోటును తగ్గించినా, కొందరిలో మనోవ్యాకులతను కలిగించింది. చైనాలోనూ ఇదే జాతి మరొక మొక్క నుండి రక్తపోటు మందు తయారైంది.

సిద్దీఖీ తదుపరి వేపనుండి నింబిన్ మున్నగు పదార్థాలను వేరుచేశారు. 1951లో పాకిస్తాను వెళ్లి, కరాచీలో రసాయన పరిశోధనకు పునాది వేశారు. 1961లో రాయల్ సొసైటీ సభ్యులైనారు. 1994 ఏప్రిల్ 14న తనువు చాలించారు.

విద్యార్థులారా! బయ్యారం వంటి అటవీ ప్రాంతాన వేళ్లు, ఆకులు ఔషధాలనుట మనకు క్రొత్త గాదు. అయితే మొక్కలో సారం ఎంత ఉన్నదో కంటికి కనబడదు. నేల, వయస్సు, ఋతువు మారితే మోతాదు మారును. పెద్దల అనుభవాన్ని గౌరవించుచునే తూచి, పరీక్షించి, ప్రమాణము నిర్ణయించుటయే సిద్దీఖీ జీవితం నేర్పు పాఠం. ఔషధానికిని విషానికిని నడుమ ఉన్నది ఆ తూనికయే.