కంఠదర్పణకర్త గార్షియా

సజీవుఁడైన మనుజుని కంఠనాళమును జూచు నుపాయమును వైద్యులకు నేర్పినవాఁడు వైద్యుఁడు గాఁడు; సంగీతోపాధ్యాయుఁడు. నోటిమాటయే జీవనాధారముగాఁ గల బడిపంతులవర్గములోని వారమగుటచే మేమీ చరిత్రమును సభాసదులకు విన్నవించుచున్నాము.

మాన్యుయల్ గార్షియా 1805 మార్చి 17న స్పెయినుదేశపు గాయక కుటుంబమునఁ బుట్టెను. యౌవనముననే నాటకరంగమునఁ బాడి పాడి గాత్రము చెడఁగా, రంగము విడిచి, పారిసు సైనిక వైద్యశాలలలోఁ గంఠనిర్మాణము నభ్యసించెను. 1841లో జెన్నీ లిండ్ అను గాయని యలసిన గొంతుతో వచ్చి యాశ్రయింపఁగా, తొలుత కొన్నివారములు మౌనము విధించి, పిదప శిక్షణమొసఁగి యామె గాత్రమును నిలిపెను. అయినను గొంతులోపల జరుగునది కన్నులారఁ జూడవలెనను కోరిక యాయనను వదలలేదు.

1854లోఁ బారిసున గవాక్షపుటద్దములపై నెండ తళుక్కుమనెను. కొల్లేటి నీటిపై నెండ మెఱయుట నిత్యము చూచు మన కది వింత గాదు. ఆయన కదియే యుపాయమయ్యెను. ఆఱు ఫ్రాంకులకు దంతవైద్యుల చిన్నయద్దమును గొని, వేఁడినీట ముంచి తుడిచి, కొండనాలుక కానించి, చేతియద్దముతో నెండను దానిపైఁ బఱపెను. తన స్వరతంత్రులు కదలుట తానే కనెను! 1855లో లండను రాయల్ సొసైటీకి దీనిని నివేదించెను. 1857 మొదలు వియన్నాలో టుర్కు, పిదప దీపకాంతితోఁ జెర్మాకు దీనిని రోగపరీక్షకు మలఁచిరి. కంఠవైద్యము ప్రత్యేకశాఖయగుట కిది మొదలు.

1905లో నూఱేండ్లు నిండిన దినమున లండనులో వైద్యులాయనను ఘనముగా సన్మానించిరి. 1906 జూలై 1న దివంగతుఁడయ్యెను. చెవి, ముక్కు, గొంతు వైద్యుల పెట్టెలో నాచిన్నయద్దము నేఁటికిని గలదు.