శిలాక్షరములు చదివిన తెలుగు పంతులు

భైంసా, ముథోలు ప్రాంతములు నిజాము రాజ్యమున నాందేడు జిల్లాలో నుండెను. 1956లో భాషాప్రయుక్త రాష్ట్రము లేర్పడినపుడు ఆదిలాబాదు జిల్లాలో చేరినవి. 2016 నుండి నిర్మల్ జిల్లాలోనివి. ఎల్లలు ఇట్లు మారుచుండ ఒక ఊరి చరిత్రను ఏ దస్తరమున వెదకవలెను? వేములవాడ చాళుక్యుల సంగతియే చూడుడు. కరీంనగరు సీమ నేలిన ఆ వంశమును తెలిసికొనుటకు ముఖ్యాధారములలో నొకటి 966 నాటి తామ్రశాసనము. వేములవాడ జినాలయమునకై మూడవ అరికేసరి సోమదేవసూరి కొసగిన దానమందున్నది. అది బయల్పడినది వేములవాడలో కాదు, మరాఠ్వాడాలోని పర్భణీలో!

హైదరాబాదు రాజ్యమున తెలుగు జిల్లాలందలి ఇట్టి వ్రాతలను, ప్రభుత్వోద్యోగపు విధిగా గాక స్వచ్ఛందముగా సేకరించి, అచ్చువేయించిన సంఘమొకటి యుండెను. దానికి కార్యదర్శి ఒక తెలుగు పంతులు. ఆయనయే ఆదిరాజు వీరభద్రరావు.

వీరభద్రరావుగారు 1890లో ఖమ్మము సీమయందు మధిర చెంతనున్న దెందుకూరులో జన్మించిరి. పసితనముననే తండ్రి గతించెను. పిమ్మట హైదరాబాదులో రావిచెట్టు రంగారావుగారి యండన చదువుకొనిరి. 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమునకు రంగారావుగారు స్థాపకులలో నొకరు. తెలుగు పుస్తకము దొరకుటయే అరుదైన ఆ నగరమున, బాలునికి పుస్తకముల నడుమ పెరుగు భాగ్యము కలిగెను. తరువాత విజ్ఞానచంద్రికా మండలిలో కొమర్రాజు లక్ష్మణరావుగారికి సహాయులై పనిచేసిరి. ఆధారము లేని మాటను చరిత్రయని గ్రహింపరాదను నియమము ఆ సాహచర్యమున అబ్బినదే కావలెను. అనంతరము హైదరాబాదులో తెలుగు పండితులై, చాదర్‌ఘాట్ పాఠశాలలో చిరకాలము బోధించిరి. ఉర్దూయే రాజభాషగా, విద్యాభాషగా చెల్లుచున్న కాలమది.

1922లో హైదరాబాదులోని ఆంధ్రులు కొందరు పరిశోధక మండలి నేర్పరచిరి. మరుసటి యేట లక్ష్మణరావుగారు దివంగతులు కాగా, ఆయన పేరిట అది లక్ష్మణరాయ పరిశోధక మండలి యయ్యెను. భారము వీరభద్రరావుగారిపై బడెను. శేషాద్రి రమణకవులు మండలి పక్షమున ఊరూర తిరిగి శాసనములను, తాళపత్రములను సేకరించిరి.

ఆ పని ఎట్టిదో పాఠకులు తెలిసికొనదగును. పసుల కొట్టములోనో, చెరువు కట్టపైనో పడియున్న రాతిని మొదట నీటితో కడిగి, అక్షరముల గుంటలలోని మట్టిని తీయవలెను. తడిపిన కాగితము నంటించి, గుంటలలో దిగువరకు కుంచెతో తట్టవలెను. అది కొంత ఆరిన పిమ్మట సిరా అద్దినచో, నల్లని నేలపై తెల్లని అక్షరములు తేలును. గాలి వీచినను, కాగితము చినిగినను మరల మొదటినుండి పూనుకొనవలసినదే. చదువుట అంతకన్న కష్టము. ఇంతయు చేయుచుండ చుట్టుచేరిన జనులకు సందేహము వేరు! శాసనమనగా నిధికి గురుతని నమ్మువారు పల్లెలలో నేటికిని కలరు; ఆ ఆశతో గుడులను త్రవ్వి పాడుచేయువారును కలరు.

నిజాము ప్రభుత్వము ఊరకుండెనని చెప్పుట న్యాయము కాదు. 1914లోనే పురావస్తుశాఖ వెలసి, గులాం యజ్దానీ ఆధ్వర్యవమున గొప్ప కృషి చేసెను. కాని ఆ శాఖ ప్రచురణలు ప్రధానముగా ఆంగ్లమున వెలువడెడివి. పల్లె బడిలోని పంతులకు అవి అందని పండ్లు. మండలి 1935లో 'తెలంగాణా శాసనములు' మొదటి సంపుటమును తెలుగున వెలువరించెను. నా దృష్టిలో దాని ఘనత ఇందే యున్నది. శాసనము చదివినవానికి కాకతీయులనాడు కరీంనగరు సీమకు సబ్బినాడను పేరుండెనని తెలియును. ఏ చెరువు నెవరు త్రవ్వించిరో, ఏ గుడికి ఎంత భూమి నిచ్చిరో తెలియును. రాయి పగిలి గోడలో కలిసిపోయినను పాఠము నిలుచును. గుడి మాత్రము నిలువదు. కూలుచున్న మంటపమును నిలువబెట్టుటకు కావలసిన ధనముగాని అధికారముగాని మండలికెక్కడిది?

బోధనము నడుమనే వీరభద్రరావుగారు 'మన తెలంగాణము', 'ప్రాచీనాంధ్ర నగరములు' మున్నగు గ్రంథములు రచించిరి. శాసనముల రెండవ సంపుటము గడియారము రామకృష్ణశర్మగారి సంపాదకత్వమున 1960లో గాని వెలువడలేదు. రెండు సంపుటముల నడుమ ఇరువదియైదేండ్లు గడచెను. నిజాము రాజ్యమే అంతరించెను. అప్పటికి వీరభద్రరావుగారు డెబ్బదియవ పడిలో నుండిరి. 1973లో వారు కీర్తిశేషులైరి.