జార్జ్ హర్స్ట్

జార్జ్ హర్స్ట్ (1927 - 1986) అమెరికాకు చెందిన యంత్ర నిపుణుడు, పారిశ్రామికవేత్త. మోటారు కార్లలో చేతితో గేర్లు మార్చే సాధనాల తయారీకి ఈయన ప్రసిద్ధుడు. ఈ సాధనాన్ని షిఫ్టర్ అంటారు. కారుతో పాటు వచ్చిన షిఫ్టరును తీసివేసి, దాని స్థానంలో విడిగా కొని బిగించుకొనే షిఫ్టర్లలో హర్స్ట్ పేరు గలవి ఎక్కువ ఖ్యాతి పొందాయి. 1960లలో అమెరికాలో వెలువడిన, పెద్ద ఇంజన్లు గల "మజిల్ కార్ల" చరిత్రలో ఈయనకు ముఖ్యమైన స్థానం ఉంది. ప్రమాదాలలో నలిగిపోయిన వాహనాల నుండి మనుషులను వెలికితీసే "జాస్ ఆఫ్ లైఫ్" అనే సాధనం కూడా ఈయన కృషి ఫలితమే.

తొలి జీవితం

హర్స్ట్ 1927లో న్యూయార్క్ నగరంలో జన్మించాడు. పదహారేళ్ల వయసులో చదువు మానివేసి అమెరికా నౌకాదళంలో చేరాడు. 1954లో అక్కడి నుండి బయటకు వచ్చి, పెన్సిల్వేనియా రాష్ట్రంలో కార్ల మరమ్మత్తు పనిలో స్థిరపడ్డాడు. ఇంజనీరింగు పట్టా లేకపోయినా, పనిముట్లతో పనిచేస్తూనే యంత్రవిద్యను నేర్చుకున్నాడు. ఖాతాదారుల కార్లలో ఏ భాగం ఎక్కడ విరుగుతుందో, ఎందుకు విరుగుతుందో దగ్గరగా చూసిన అనుభవమే తరువాతి కాలంలో ఈయనకు పెట్టుబడి అయింది.

ఆనాటి గేరు సాధనాలు

1950లలో అమెరికన్ కార్లలో గేరు కడ్డీ సాధారణంగా స్టీరింగు కిందనే ఉండేది. మనదేశంలో పాత అంబాసిడర్ కార్లు నడిపినవారికి ఈ అమరిక పరిచితమే. నెమ్మదిగా నడిపేటప్పుడు దీనివలన ఇబ్బంది లేదు. కాని పందాలలో రెప్పపాటులో గేరు మార్చవలసి వస్తుంది. అందువలన పందెగాళ్లు గేరు కడ్డీని నేల మీదికి, చేతికి అందే చోటికి తెచ్చుకొనేవారు.

కంపెనీలు స్వయంగా అమర్చిన నేల గేర్లు కూడా తృప్తికరంగా ఉండేవి కావు. కంపనాలు చేతికి తెలియకుండా వాటిలో రబ్బరు వాడేవారు. పలుచని రేకు భాగాలు బలంగా లాగితే వంగేవి. కడ్డీ ఒక గేరులోకి వెళ్లిందనుకుంటే మరొక చోట ఆగిపోయేది. గేరు పడకుండానే డ్రైవరు యాక్సిలరేటరు తొక్కితే ఇంజను హద్దు మీరి తిరిగి దెబ్బతినేది. ఒక్క తప్పిన గేరు వలన పందెంతో పాటు ఇంజను కూడా పోయే పరిస్థితి ఉండేది.

సంస్థ స్థాపన

హర్స్ట్ తన సహచరుడు బిల్ క్యాంప్‌బెల్‌తో కలిసి 1950ల చివరిలో హర్స్ట్-క్యాంప్‌బెల్ సంస్థను ప్రారంభించాడు. మొదట ఇంజన్లను బిగించే మౌంట్లు, ఫోక్స్‌వ్యాగన్ వాహనాలకు బంపర్లు తయారుచేశారు. తరువాత నేల షిఫ్టర్ల తయారీ మొదలుపెట్టారు. పెన్సిల్వేనియాలోని వార్మిన్‌స్టర్ ఈ సంస్థకు కేంద్రం అయింది. కాలక్రమంలో సంస్థ హర్స్ట్ పెర్ఫార్మెన్స్ అనే పేరుతో ప్రసిద్ధి పొందింది.

హర్స్ట్ షిఫ్టర్ నిర్మాణం

నాలుగు గేర్ల పెట్టెకు పక్కన చిన్న మీటలు ఉంటాయి. ఒకటి మొదటి, రెండవ గేర్లకు, మరొకటి మూడవ, నాలుగవ గేర్లకు, ఇంకొకటి రివర్సుకు పనిచేస్తాయి. డ్రైవరు కడ్డీని కదిపినప్పుడు షిఫ్టరు తగిన మీటను ఎన్నుకొని, ఉక్కు కమ్మీల ద్వారా దానిని కదుపుతుంది. హర్స్ట్ ఈ అమరికను కొత్తగా కనిపెట్టలేదు. దానిలోని ప్రతి భాగాన్నీ దళసరి ఉక్కుతో, వదులు లేకుండా తయారుచేయించాడు. కడ్డీని వదిలినప్పుడు అది మూడవ, నాలుగవ గేర్ల వరుసలోకి దానంతట అదే వచ్చేలా స్ప్రింగులు అమర్చాడు. దీనివలన రెండవ గేరు నుండి మూడవ గేరుకు పోయేటప్పుడు దారి తప్పే ప్రమాదం తగ్గింది. కడ్డీ హద్దు మీరి గేరు పెట్టె లోపలి భాగాలను దెబ్బతీయకుండా ఆపుడు బోల్టులు కూడా ఉంచాడు. "కాంపిటీషన్ ప్లస్" పేరుతో వచ్చిన షిఫ్టరు ఈ లక్షణాలన్నిటికీ ఉదాహరణ.

ఆటోమేటిక్ గేర్లు గల కార్లకు "డ్యూయల్ గేట్" అనే షిఫ్టరును కూడా ఈ సంస్థ తయారుచేసింది. ఇందులో ఒక దారిలో గేర్లు వాటంతట అవే మారతాయి. రెండవ దారిలో డ్రైవరు ఒక్కొక్క గేరును తానే ఎంచుకోవచ్చు.

కార్ల కంపెనీలతో సంబంధాలు

1964లో పాంటియాక్ సంస్థ విడుదల చేసిన జీటీఓ కారును మజిల్ కార్ల యుగానికి నాందిగా పలువురు భావిస్తారు. ఈ కారు నేల గేర్లకు హర్స్ట్ షిఫ్టరునే వాడారు. తరువాత కడ్డీ మీద హర్స్ట్ పేరు చెక్కించారు. విడిభాగాలు సరఫరా చేసే బయటి సంస్థ పేరు కారు లోపల కొనుగోలుదారుకు కనిపించేలా ఉంచడం ఆనాడు అరుదైన విషయం. ఆ పేరు చూసి కారు కొనే యువకులు ఉన్నారని కంపెనీ గుర్తించింది.

1968లో ఓల్డ్స్‌మొబైల్‌తో కలిసి హర్స్ట్/ఓల్డ్స్ అనే కారు రూపొందించారు. ఓల్డ్స్‌మొబైల్ మాతృసంస్థ అయిన జనరల్ మోటార్స్ తన మధ్యతరహా కార్లలో 400 ఘనపు అంగుళాలకు మించిన ఇంజను వాడరాదని అప్పట్లో నియమం పెట్టుకున్నది. హర్స్ట్ పేరుతో, బయటి కార్ఖానా ద్వారా 455 ఘనపు అంగుళాల ఇంజనుతో ఈ కారు వెలువడింది. ఆ ఏడాది 515 కార్లు తయారయ్యాయి. అదే సంవత్సరం క్రైస్లర్ సంస్థ పందాల కోసం ఉద్దేశించిన డాడ్జ్ డార్ట్, ప్లిమత్ బారకూడా కార్లలో 426 హెమి ఇంజన్లను బిగించే పని కూడా హర్స్ట్ సంస్థకు లభించింది. 1969లో అమెరికన్ మోటార్స్ సంస్థతో కలిసి ఎస్‌సీ/రాంబ్లర్ కారును తెచ్చారు. ఇవి 1,512 తయారయ్యాయి.

పందాలు, ప్రచారం

హర్స్ట్ ప్రచారంలో కూడా నేర్పరి. 1965 నాటి "హెమి అండర్ గ్లాస్" అనే ప్రదర్శన కారులో ఇంజనును వెనుక అద్దం కింద అమర్చారు. బయలుదేరగానే దాని ముందు చక్రాలు గాలిలోకి లేచేవి. 1966లో రెండు ఇంజన్లతో, నాలుగు చక్రాలూ తిరిగే "హెయిరీ ఓల్డ్స్" కారును ప్రదర్శించారు. అదే సంవత్సరం లిండా వాన్ "మిస్ హర్స్ట్ గోల్డెన్ షిఫ్టర్"గా ఎంపికై, చాలాకాలం సంస్థకు ప్రచారకర్తగా ఉన్నది.

అన్ని ప్రయత్నాలూ ఫలించలేదు. 1964 ఇండియానాపొలిస్ 500 పందెం కోసం స్మోకీ యూనిక్ ఒక వింత కారును నిర్మించాడు. ఇందులో డ్రైవరు కూర్చునే భాగం కారు పక్కన వేరుగా ఉండేది. హర్స్ట్ పేరుతో వచ్చిన ఈ కారు అర్హత పరుగులో గోడను ఢీకొన్నది. అసలు పందెంలో పాల్గొనలేకపోయింది.

ప్రాణరక్షక సాధనం

పందెపు మైదానాలలో హర్స్ట్ ప్రమాదాలను కూడా చూశాడు. నలిగిన కారులో చిక్కుకున్న డ్రైవరును బయటకు తీయడానికి ఒక్కొక్కసారి గంటకు పైగా పట్టేది. గడ్డపలుగులు, రంపాలు తప్ప వేరే పనిముట్లు ఉండేవి కావు. యంత్రపు రంపాల నుండి నిప్పురవ్వలు రాలి, కారిన పెట్రోలుకు అంటుకొనే ప్రమాదం ఉండేది.

దీనికి పరిష్కారంగా నూనె ఒత్తిడితో పనిచేసే సాధనాన్ని రూపొందించారు. దీని రెండు చేతులు దవడల వలె తెరుచుకొని, నలిగిన లోహాన్ని ఎడంగా నెడతాయి. తలుపును ఊడదీయడానికి, స్టీరింగును వెనక్కు లాగడానికి కూడా ఉపయోగపడుతుంది. 1970ల తొలి సంవత్సరాలలో దీనిని పందెపు మైదానాలలో వాడడం మొదలుపెట్టారు. మృత్యువు దవడల నుండి మనిషిని లాగుతుంది గనుక దీనికి "జాస్ ఆఫ్ లైఫ్", అనగా ప్రాణమిచ్చే దవడలు, అనే పేరు వచ్చింది. హర్స్ట్‌తో పనిచేసిన మైక్ బ్రిక్ ఈ పేరు పెట్టాడు. తరువాత అగ్నిమాపక దళాలు దీనిని విస్తృతంగా స్వీకరించాయి.

సంస్థ విక్రయం, చివరి జీవితం

1970లో హర్స్ట్ సంస్థను సన్‌బీమ్ కొనుగోలు చేసింది. దీనితో సొంత పేరు గల సంస్థ మీద జార్జ్ హర్స్ట్‌కు అధికారం లేకుండా పోయింది. అదే కాలంలో మజిల్ కార్లకు కూడా గడ్డుకాలం వచ్చింది. బీమా రుసుములు పెరిగాయి. పొగ కాలుష్యంపై నియమాలు కఠినమయ్యాయి. 1973లో చమురు సంక్షోభం వచ్చింది. హర్స్ట్ 1986లో కాలిఫోర్నియాలో మరణించాడు. అప్పటికి ఆయన వయసు 59 సంవత్సరాలు.

సంస్థ ఆ తరువాత పలువురి చేతులు మారింది. షిఫ్టర్ల వ్యాపారం 2018లో హోలీ సంస్థకు చేరింది. ప్రాణరక్షక సాధనాల విభాగం వేరుపడి ఐడెక్స్ సంస్థ కిందికి వచ్చింది. రెండు చోట్లా హర్స్ట్ పేరు కొనసాగింది.

పాత షిఫ్టర్ల సేకరణ, వినియోగం

1960ల నాటి కార్లను పునరుద్ధరించేవారు ఆనాటి హర్స్ట్ షిఫ్టర్ల కోసం వెదకుతారు. పెన్సిల్వేనియాలోని హెర్షీ, కార్లైల్ పట్టణాలలో జరిగే పాత విడిభాగాల సంతలు ఇందుకు పేరుపొందినవి. కొనేవారు ముఖ్యంగా కింది విషయాలు గమనిస్తారు.

గేరు పెట్టె రకం: మన్సీ, బోర్గ్ వార్నర్ టి-10, ఫోర్డ్ టాప్‌లోడర్, క్రైస్లర్ ఏ-833 మొదలైనవాటికి బిగింపు పలకలు, కమ్మీలు, మీటలు వేరువేరు. ఒకే గేరు పెట్టె అయినా కారు మారితే కడ్డీ స్థానం మారవచ్చు. అందువలన షిఫ్టరు ఒక్కటే దొరికితే చాలదు, దానికి తగిన కమ్మీలు, పలక కూడా కావాలి.

అరుగుదల: కమ్మీలు మీటలను కలిసే చోట ఉండే బుష్‌లు అరిగితే కడ్డీ ఊగుతుంది. ఇవి చవకైనవి, మార్చుకోవచ్చు. లోపలి పలకలు అరిగినా, స్ప్రింగులు విరిగినా షిఫ్టరును విప్పి బాగుచేయవలసి ఉంటుంది.

సర్దుబాటు: గేరు పెట్టె మీటలన్నిటినీ న్యూట్రల్‌లో ఉంచి, షిఫ్టరులోని రంధ్రం గుండా పావు అంగుళం చీలను దూర్చాలి. ప్రతి కమ్మీ బలవంతం లేకుండా మీటలోకి జారేలా దాని మరచుట్టను తిప్పి పొడవు సరిచేయాలి. చీలను తీసిన తరువాత ఆపుడు బోల్టులను సర్దాలి. కడ్డీని మూడవ గేరులో గట్టిగా ఉంచి, సంబంధిత బోల్టును తాకేవరకు బిగించి, ఒక చుట్టు వెనక్కు తిప్పి నట్టుతో బంధించాలి. నాలుగవ గేరుకు కూడా ఇలాగే చేయాలి. ఈ బోల్టులను సర్దకుండా వదిలివేస్తే బలంగా మార్చే ప్రతిసారీ ఆ దెబ్బ గేరు పెట్టె లోపలి ఫోర్కులకు తగులుతుంది.

సరిగా అమర్చిన పాత హర్స్ట్ షిఫ్టరు అర్ధశతాబ్దం దాటినా పనిచేస్తుంది. ఈ మన్నిక కారణంగానే వాటికి సేకరణకారులలో ఇప్పటికీ గిరాకీ ఉంది.