పాత మాటకు ప్రాణం పోసిన పండితుడు

అక్షరాలు నిలిచి ఉన్నా వాటి అర్థం మరుగున పడిపోవడం ప్రాచీన భాషలన్నింటికీ ఉన్న చిక్కు. జపాన్‌లో కుంచెతో రాసి గోడకు వేలాడదీసే అక్షరపటాలను చూసి ఆనందించేవారు అనేకులు. వాటిలోని ప్రాచీన వాక్యాల భావాన్ని విప్పి చెప్పగలవారు కొందరే. మన తాళపత్రాల విషయమూ, శాసనాల విషయమూ అంతే. అటువంటి అరుదైన విద్యకు జీవితాన్ని అంకితం చేసిన మహాపండితుడు వేటూరి ప్రభాకరశాస్త్రి.

ఆయన 1888లో కృష్ణాజిల్లా పెదకళ్ళేపల్లిలో జన్మించారు. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారి శిష్యులై సాహిత్యాన్ని అభ్యసించారు. అనంతరం మద్రాసులోని ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారంలో చేరి దీర్ఘకాలం పనిచేశారు. మెకంజీ, బ్రౌన్ వంటివారు సేకరించిన రాతప్రతులకు ఆ భాండాగారం నిలయం.

గంటంతో గీసిన తాళపత్రాన్ని చదవడం సులభం కాదు. పదానికీ పదానికీ నడుమ ఎడం ఉండదు. పద్యపాదాలు విడివిడిగా కనిపించవు. పురుగు తొలిచిన చోట అక్షరాలే ఉండవు. లేఖకుడు పొరబడితే ఆ తప్పు తరువాతి ప్రతులన్నింటికీ పాకుతుంది. అన్నింటినీ మించిన చిక్కు అర్థానిది. నేడు దుర్వాసనను తెలిపే 'కంపు' అనే మాటకు ప్రాచీన కావ్యాలలో పరిమళమని అర్థం. ఈ సంగతి తెలియనివాడు కవి పొగడిన పువ్వును తెగడినట్లు భావిస్తాడు. తనకు తెలియని మాటను తప్పుగా ఎంచి దిద్దితే ఆ మాట భాషలో నుండే తొలగిపోతుంది.

ప్రభాకరశాస్త్రి గారు అట్టి తొందరపాటుకు లోనుకాలేదు. ఒక ప్రతిని మరొక ప్రతితో పోల్చేవారు. ఇతర కవుల ప్రయోగాలను, శాసనాలలోని భాషను, జనుల నోట నిలిచిన పలుకుబడిని పరిశీలించి అర్థాన్ని నిర్ణయించేవారు. చాటుపద్యాలను సేకరించి 'చాటుపద్యమణిమంజరి'ని వెలువరించారు. దేశి పదాల గని అయిన పాల్కురికి సోమనాథుని 'బసవపురాణము'ను పరిష్కరించి, విపులమైన పీఠికతో 1926లో లోకానికి అందించారు. తరువాత తిరుపతి చేరి, రాగిరేకులపై నిలిచిన తాళ్ళపాక కవుల వాఙ్మయం వెలుగులోకి రావడానికి శ్రమించారు. అన్నమయ్య మనుమడు చిన్నన్న ద్విపదగా రచించిన 'అన్నమాచార్య చరిత్రము'ను 1949లో ప్రకటించారు.

అమరావతి స్తూపానికి చెందిన ఒక రాతిపలకపై బ్రాహ్మీలిపిలో 'నాగబు' అనే మూడక్షరాలున్నాయి. చివరనున్న 'బు' తెలుగు ప్రత్యయమని గుర్తించి, అది తెలుగు మాటేనని శాస్త్రి గారు ప్రతిపాదించారు. తెలుగులో పూర్తిగా లభించిన తొలి శాసనాలు క్రీ.శ. 575 ప్రాంతపు రేనాటి చోళులవి. అంతకు కొన్ని శతాబ్దాల ముందే తెలుగు పదం రాతికెక్కిందని చూపే ఆధారం 'నాగబు'. అది మరొక పేరులోని భాగమై ఉండవచ్చునని కొందరు పండితులు భావించారు. చర్చ ఎట్లున్నా, మూడక్షరాలలో ఒక జాతి చరిత్ర దాగి ఉండగలదని ఆయన నిరూపించారు.

1950లో ఆయన పరమపదించారు. 2008లో తెలుగు ప్రాచీనభాషగా గుర్తింపు పొందింది. ఆ గౌరవం వెనుక ఇట్టి పరిశోధకుల శ్రమ ఉంది. పాత పుస్తకంలో తెలియని మాట ఎదురైనప్పుడు దానిని దాటిపోక, నిఘంటువు తెరచి, పెద్దలనడిగి అర్థం తెలుసుకోవడమే విద్యార్థులు ఆయనకు సమర్పించదగిన నివాళి.