ఆకాశమునుండి వచ్చు ఆపద నూహించిన కథకుడు: హెచ్. జి. వెల్సు

పేదయింట పుట్టిన బాలునకు పుస్తకము చేతికందినచో ఆతని చూపు ఎంత దూరము పోగలదో తెలుపుటకు ఆంగ్లరచయిత హెచ్. జి. వెల్సు జీవితము చక్కని నిదర్శనము. ఆకాశమునుండి భూమికి రాగల ఆపదలను కథలుగా మలచి మానవుని గర్వమును హెచ్చరించినవారిలో ఆయన అగ్రగణ్యుడు.

హెర్బర్టు జార్జి వెల్సు 1866వ సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీన ఇంగ్లండులోని బ్రామ్లీ పట్టణమున జన్మించెను. తండ్రి జోసెఫ్ పింగాణి పాత్రలను, ఆటవస్తువులను అమ్ము చిన్న దుకాణదారుడు, క్రికెట్ ఆటగాడు. తల్లి సారా వివాహమునకు పూర్వము ధనికుల యింట పరిచారిక. దుకాణముపై రాబడి చాలక, ఆటవలన వచ్చు సొమ్ముతో కుటుంబము గడచుచుండెను.

1874లో వెల్సు కాలు విరిగి మంచము పట్టెను. అప్పుడు తండ్రి స్థానిక గ్రంథాలయమునుండి పుస్తకములు తెచ్చి యిచ్చుచుండెను. బాలునకు చదువుపై మక్కువ కలిగినది అప్పుడే. 1877లో తండ్రికే తొడయెముక విరిగి ఆటపై ఆదాయము పోయెను. 1880లో తల్లి అప్‌పార్క్ అను సంపన్నుల భవనమున గృహనిర్వాహకురాలుగా కుదిరెను. ఆ భవనములోని గ్రంథములు కుమారునకు ప్లేటోను, వోల్టేరును పరిచయము చేసెను.

అయినను కడుపు నిండుటకు చదువు చాలలేదు. వెల్సు బట్టల దుకాణమున పనివాడుగా చేరి దినమునకు పదమూడు గంటలు శ్రమించెను. ఆ బానిసత్వమునకు తాళలేక 1883లో దానిని విడిచి, మిడ్‌హర్స్ట్ పాఠశాలలో సహాయోపాధ్యాయుడయ్యెను. మరుసటి యేట విద్యార్థివేతనము లభించి, లండనులో థామస్ హక్స్‌లీ పండితునియొద్ద జీవశాస్త్ర మభ్యసించెను. జీవకోటి పరిణామమును, అందు మానవుని స్థానమును ఆయన అచ్చట గ్రహించెను. పిమ్మట అనారోగ్యము బోధనావృత్తిని మాన్పింపగా కలమే జీవనాధారమయ్యెను.

1895లో వెలువడిన 'టైమ్ మెషీన్' ఆయనకు కీర్తి తెచ్చెను. 1897లో వ్రాసిన 'ది స్టార్' అను కథలో, అంతరిక్షమునుండి వచ్చిన యొక గోళము నెప్ట్యూన్ గ్రహమును ఢీకొనును. రెండును ఒక్కటై మండుచు సూర్యునివైపు పరుగిడుచు భూమిని సమీపించును. సముద్రములు పొంగును, భూమి కంపించును, మంచు కరగి వరదలగును. బ్రతికిన మానవులయందు క్రొత్త సోదరభావ ముదయించును. ఇంతటి ప్రళయమును అంగారక గ్రహమునుండి చూచిన ఖగోళశాస్త్రజ్ఞులకు మాత్రము భూమికి కలిగిన నష్టము స్వల్పముగా తోచును!

1898లో గ్రంథరూపము దాల్చిన 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్' ఆయన రచనలలో మిక్కిలి ప్రసిద్ధము. వెల్సు అప్పటికి కొంతకాలము వోకింగ్ పట్టణమున నివసించి, సైకిలుపై తిరుగుచు చుట్టుప్రక్కల నంతయు ఎరిగియుండెను. ఆ ప్రాంతముననే ఆయన అంగారకవాసులను దింపెను. చల్లారుచున్న తమ గ్రహమును విడిచి వచ్చిన ఆ జీవులు ఉష్ణకిరణముతోను, విషధూమముతోను లండను ప్రజలను పారద్రోలుదురు. ఫిరంగులు నిలువలేక పోవును. తుదకు కంటికి కానరాని సూక్ష్మజీవులే ఆ శత్రువులను సంహరించును. హక్స్‌లీయొద్ద నేర్చిన శాస్త్రమిట్లు కథకు ప్రాణమయ్యెను.

ఈ నవలలో గూఢమైన ధర్మవిచారము కలదు. టాస్మేనియా ఆదివాసులను ఐరోపావారు నాశనము చేసిన వైనమును వెల్సు నవలారంభముననే గుర్తుచేసెను. సూర్యుడస్తమింపని సామ్రాజ్యమని గర్వించు జాతికి, బలవంతుని చేజిక్కిన బలహీనుని దుఃఖమెట్టిదో ఆయన ఇట్లు చూపించెను. 1938లో అమెరికాలో ఈ కథ రేడియో నాటకముగా ప్రసారము కాగా, శ్రోతలలో కొందరు నిజమని భ్రమించి భయపడిరి.

ఆపద ఆకాశమునుండియే రానక్కరలేదనియు వెల్సు ఎరుగును. 1914లో ప్రకటించిన 'ది వరల్డ్ సెట్ ఫ్రీ' నవలలో ఆయన అణుబాంబుల నూహించెను. ఆ నవలను 1932లో చదివిన లియో సిలార్డ్ అను శాస్త్రజ్ఞుడు, మరుసటి యేట అణుశృంఖలా ప్రక్రియను భావించెను. 1945లో హిరోషిమా, నాగసాకి నగరములు అణుబాంబులకు ఆహుతియైనపుడు వెల్సు జీవించియే యుండెను. ఆ సంవత్సరమున వెలువడిన ఆయన చివరి రచనలలో నిరాశ కానవచ్చును.

కాని జీవితమంతయు నిరాశతో గడపినవాడు కాడు. మానవజాతి అంతటికిని ఒకే చరిత్ర కలదని చూపుటకు 1920లో 'ది అవుట్‌లైన్ ఆఫ్ హిస్టరీ'ని వెలువరించెను. జవాహర్‌లాల్ నెహ్రూ కారాగారమునుండి కుమార్తెకు ప్రపంచచరిత్రను లేఖలుగా వ్రాయుచు ఈ గ్రంథమును ఉపయోగించుకొనెను. మానవ హక్కులను గూర్చి 1940లో వెల్సు ఒక గ్రంథము ప్రకటించెను.

1946 ఆగస్టు 13వ తేదీన లండనులో ఆయన పరమపదించెను. అంగారకునిపై అట్టి జీవులు లేరని అనంతరము తేలినది. ఆయన హెచ్చరిక మాత్రము అసత్యము కాలేదు. మానవజాతికి రక్షణ ఆయుధములలో లేదు, జ్ఞానమునందును ఐకమత్యమునందును కలదని చాటిన ఆ మహాకథకునికి తొలి గురువు, గ్రంథాలయమునుండి ఎరువు తెచ్చిన పుస్తకమే.