బెంజీన్‌ను వెలికితీసిన బైండింగ్ కార్మికుడు మైకేల్ ఫారడే

మైకేల్ ఫారడే పేరు వినగానే విద్యుత్ మోటారు, డైనమో గుర్తుకు వస్తాయి. రసాయన శాస్త్రంలో హైడ్రోకార్బన్ల పాఠం చదివే విద్యార్థులు కూడా ఆయనకు రుణపడి ఉన్నారన్న సంగతి చాలామందికి తెలియదు. బెంజీన్‌ను మొట్టమొదట వేరుచేసినది ఆయనే.

ఫారడే 1791 సెప్టెంబరు 22న లండన్ సమీపంలో ఒక కమ్మరి ఇంట జన్మించారు. పేదరికం కారణంగా బడి చదువు అక్షరాలు, కొద్దిపాటి లెక్కలతోనే ముగిసింది. పద్నాలుగో ఏట జార్జ్ రీబో అనే పుస్తక విక్రేత వద్ద బైండింగ్ పనికి కుదిరారు. అక్కడికి వచ్చిన పుస్తకాలే ఆయనకు పాఠశాల. జేన్ మార్సెట్ రాసిన గ్రంథం ఆయనకు రసాయన శాస్త్రంపై మక్కువ కలిగించింది. 1812లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విన్నారు. రాసుకున్న విషయాలను స్వయంగా బైండు చేసి డేవీకే పంపారు. మరుసటి ఏడాది రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సహాయకుడిగా చేరారు.

అది బొగ్గు గనుల్లో మీథేన్ అంటుకుని కార్మికులు ప్రాణాలు కోల్పోతున్న కాలం. 1815లో డేవీ రక్షక దీపాన్ని రూపొందించినప్పుడు ఫారడే ప్రయోగాల్లో తోడ్పడ్డారు. ఇథిలీన్, క్లోరిన్ కలిసి నూనె వంటి ద్రవంగా మారతాయని అప్పటికే తెలుసు. 1820లో ఫారడే ఆ ద్రవాన్ని మరింత క్లోరిన్‌తో కలిపి ఎండలో ఉంచారు. హైడ్రోజన్ పూర్తిగా తొలగి, దాని స్థానంలో క్లోరిన్ చేరిన స్ఫటికాలు లభించాయి. నేటి పాఠ్యపుస్తకాలు చెప్పే సంకలన, ప్రతిక్షేపణ చర్యలు రెండూ ఈ వరుసలో కనిపిస్తాయి.

ఆ రోజుల్లో తిమింగలం నూనె వంటివాటిని వేడిచేసి దీపాల వాయువు తయారుచేసేవారు. దానిని వాతావరణ పీడనానికి 30 రెట్ల ఒత్తిడితో పాత్రల్లో నింపి ఇళ్లకు చేర్చేవారు. ఆ ఒత్తిడికి కొంత ద్రవం అడుగున చేరేది. వ్యాపారులకు అది మిగులు పదార్థమే. ఫారడే మాత్రం దానిని ఓపికగా పలుమార్లు స్వేదనం చేశారు. 80 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో మరిగే భాగాన్ని చల్లబరచి గడ్డకట్టించారు. స్ఫటికాలను అద్దుడు కాగితాల మధ్య నొక్కి శుద్ధి చేశారు. ఆవిరిని వేడి కాపర్ ఆక్సైడ్ మీదుగా పంపి, అందులో ఉన్నవి కార్బన్, హైడ్రోజన్ మాత్రమేనని తేల్చారు. 1825 జూన్‌లో ఈ ఫలితాలను రాయల్ సొసైటీకి నివేదించారు. అదే ద్రవంలో ఇథిలీన్ సంఘటనమే కలిగి, సాంద్రత రెట్టింపు ఉన్న మరో వాయువునూ గుర్తించారు. మూలకాల నిష్పత్తి ఒకటే అయినా పదార్థాలు వేరు కావచ్చునన్న భావనకు అది బలం చేకూర్చింది.

బాలల కోసం రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో క్రిస్మస్ ఉపన్యాసాలు మొదలైనదీ 1825లోనే. తరువాతి కాలంలో ఫారడే వెలుగుతున్న కొవ్వొత్తిని ముందుంచుకొని దహన రహస్యాన్ని వారికి వివరించారు. బడి చదువుకు దూరమైన ఆ వ్యక్తి పిల్లలకు గురువయ్యారు.

కెకూలే 1865లో బెంజీన్‌కు వలయ నిర్మాణాన్ని ప్రతిపాదించారు. రంగులు, ఔషధాల పరిశ్రమలు ఆ పునాదిపై విస్తరించాయి. సర్ బిరుదును, రాయల్ సొసైటీ అధ్యక్ష పదవిని వద్దన్న ఫారడే 1867 ఆగస్టు 25న కన్నుమూశారు. పాత్ర అడుగున మిగిలినదానిని పారబోయక పరిశీలించిన ఆ ఓర్పు నేటి విద్యార్థులకు ఆదర్శం.