పేరు నాశింపని శాస్త్రవేత్త: యల్లాప్రగడ సుబ్బారావుగారు

గ్రంథాలయమున ఒక పుస్తక మెందరికి ఉపకరించినదో తెలియవలెనన్న దాని అట్టను చూచిన చాలదు; పుస్తకములిచ్చు చిట్టాను చూడవలెను. శాస్త్రలోకమునందును అట్టి చిట్టా యొకటి కలదు. ఒక పండితుడు తన పరిశోధన పత్రమును ప్రకటించునపుడు, పూర్వులలో నెవరి పని నాధారము చేసికొనెనో వారి పేర్లను అందు చూపవలెను. అట్లెన్నిమారులు పేర్కొనబడెనో లెక్కించి ఆ పూర్వుని పనికి విలువ కట్టుదురు. అట్టి చిట్టాలో శాశ్వతముగా నిలిచిన ఆంధ్రుడు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆ చిట్టా కెక్కక మిగిలిన పనియు వారికి విశేషముగా కలదు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. ఇంట లేమియు, చదువున అపజయమును తొలుత వారిని వెన్నాడెను. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు మదరాసు హిందూ హైస్కూలునుండి ఉత్తీర్ణులైరి. వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందున ఆంగ్లేయుడగు ఆచార్యుని ఆగ్రహమునకు పాత్రులై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా దానికంటె తక్కువదగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే పొందిరి. యౌవనముననే సోదరు లిరువురు స్ప్రూ అను ప్రేవుల వ్యాధిచే కొలది దినముల యెడముతో మరణించిరి. ఆ వ్యాధికి నాడు మందు లేకుండెను.

కాకినాడ సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థయు, మామగారును తోడ్పడగా వారు అమెరికాలోని బోస్టను నగరము చేరిరి. ఆసుపత్రిలో రాత్రివేళ చిన్నపనులు చేసి పొట్ట పోసికొనుచు హార్వర్డు విశ్వవిద్యాలయమున చదివిరి. అచట సైరస్ ఫిస్క్ అను ఆచార్యునితో కలసి, రక్తాదులలోని భాస్వరమును కొలుచు సులభమార్గమును 1925లో ప్రకటించిరి. పరీక్షింపవలసిన ద్రవమున కొన్ని రసాయనములు కలిపినచో నీలివర్ణము పుట్టును; వర్ణ మెంత గాఢమైన భాస్వర మంత అధికము. ఈ ఫిస్క్–సుబ్బారావు పద్ధతి దేశదేశముల ప్రయోగశాలలలో వ్యాపించి, వేలకొలది పత్రములలో పేర్కొనబడెను. మన శింగనమల మెట్టచేలలో వేరుసెనగ వేయు రైతు మట్టిని పరీక్షకు పంపినచో, అచటను భాస్వరమును సాధారణముగా నీలివర్ణమును బట్టియే కొలుతురు. వాడు రసాయనములు కొంత మారినను మూలసూత్ర మదియే.

ఆ కొలతయే వారిని గొప్ప నిజమునకు నడపెను. కండరమునకు శక్తి నిచ్చు ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును 1927లోను, అడినోసిన్ ట్రైఫాస్ఫేటును 1929లోను ఫిస్కుగారితో కలసి ప్రకటించిరి. ఈ రెండవదానిని అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ అను పండితుడును వేరుగా కనుగొనెను. నాగలి పట్టు చేయి కదలవలెనన్నను, మెదడు ఆలోచింపవలెనన్నను ఈ పదార్థమే ఆధారము. అయినను హార్వర్డు వారికి స్థిరమైన ఉద్యోగము నీయలేదు. వారి పరిశోధనలు కొన్ని ఫిస్కుగారి అడ్డువలన వెలుగు చూడలేదనియు, తరువాత ఇతరులు వానిని మరల కనుగొనవలసివచ్చెననియు, వారితో పనిచేసి పిమ్మట నోబెలు బహుమానము పొందిన జార్జి హిచింగ్సుగారు చెప్పిరి. అచ్చు కాని పనిని ఏ చిట్టా లెక్కింపగలదు?

1940లో వారు లెడర్లీ ఔషధసంస్థలో చేరి, పరిశోధనశాఖకు నాయకులైరి. వారి బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. సోదరుల నపహరించిన స్ప్రూ వ్యాధికి అది మందయ్యెను. బోదకాలునకు హెట్రజాను, రోగక్రిములకు ఆరియోమైసిను ఆ శాలనుండియే వెలువడెను. శిశువుల రక్తక్యాన్సరును తాత్కాలికముగానైనను తగ్గించిన అమినోప్టెరిన్ వారి బృందమే సమకూర్చినది. ఆ చికిత్సను డాక్టరు ఫార్బరు 1948లో లోకమునకు వెల్లడించిన పత్రముయొక్క కర్తలలో సుబ్బారావుగారి పేరు కానరాదు. దానికి సోదరియైన మెథోట్రెక్సేటు క్యాన్సరునకును, కీళ్లవాతమునకును నేటికిని వాడబడుచున్నది.

సహచరుల పేర్లను ముందుంచి తాము వెనుక నిలుచుట వారి స్వభావము. 1948 ఆగస్టులో, నిద్రలోనే, న్యూయార్కు ప్రాంతమున వారు పరమపదించిరి. స్వదేశమునకు మరల రానేలేదు. భారతప్రభుత్వము 1995లో వారి స్మారకముగా తపాలాబిళ్ళను వెలువరించెను.

పరీక్ష తప్పిన బాలు డెవడైనను ఈ గ్రంథాలయపు బల్లపై తల వాల్చి దుఃఖించునెడ, పెద్దలు అతనికి ఈ చరిత్ర చెప్పవలెను. పేరు చిట్టాలో కనబడుట భాగ్యమే. కాని ఏ మందు ఎవరిదో యెరుగకయే దానిచే బ్రతుకు రోగి యొక్క ఊపిరి, ఏ చిట్టాయు వ్రాసికొనని జమ. సుబ్బారావుగారి సంపాదనలో అధికభాగ మదియే.